గోడ మీది తాలూకాలు

సంక్రాంతి లోపల ఇంటికి రంగులు వేయించి తీరాలని మా ఆవిడ పట్టుబట్టింది. ఇలాంటి విషయాల్లో ఆవిడ మాటకు ఎదురు చెప్పి గెలిచిన దాఖలా మా ఇంటి చరిత్రలో లేదు. సరే, రంగులవాళ్లు వచ్చారు. హాల్లో మూలనున్న పాత టెలిఫోను స్టాండు పక్కకు లాగి, గోడకు ఉప్పుకాగితం పడుతున్న కుర్రవాడు చెయ్యి ఆపి నన్ను పిలిచాడు.

"సార్, ఈడేందో లెక్కలు రాసుండాయి. చెరిపేసేదా?"

వెళ్లి చూశాను. అవి లెక్కలు కావు. మా నాయన చేతిరాత. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. స్టాండు చాటున ఉండబట్టి గాని, ఆ రాత ఎప్పుడో పోవలసింది.

పెన్సిలుతో కొంత, నీలం సిరాతో కొంత, ఎర్ర సిరాతో కొంత. కావలి అమ్మణ్ణి, 08626. సూళ్లూరుపేట చిన్నల్లుడు, 08623. బెజవాడ తమ్ముడు, 0866. మద్రాసు, 044. తిరుపతి దగ్గర 08574 అని రాసి, అడ్డగీత కొట్టి, పక్కన 0877 అని రాశాడు. హైదరాబాదు దగ్గరా అంతే. 0842 కొట్టివేత, దాని పక్కన 040. వాటి ఎదురుగా ఎవరెవరి ఇంటి నంబర్లో. ఆ నంబర్లన్నిటి ముందూ ఎర్ర సిరాతో దూర్చిన 2.

"ఆ జానెడు మేర వదిలెయ్ అబ్బయా," అన్నాను. వాడు నన్ను విచిత్రంగా చూశాడు. వాడి తప్పేమీ లేదు. వాడి వయసుకు సున్నాతో మొదలయ్యే ఊరి నంబరంటే ఏమిటో తెలిసే అవకాశమే లేదు.

నాకు మాత్రం ఆ గోడ ముందు నిలబడితే, మన రాష్ట్రంలో టెలిఫోను పెరిగిన కథ మొత్తం అక్కడే రాసి ఉన్నట్టు అనిపించింది. అది మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

అసలు మా నాయనకు టెలిఫోనంటే మొదట నమ్మకం లేదు. ఆయనది గూడూరు తాలూకాలో సముద్రం ఒడ్డు పల్లె. కార్డు ముక్క మీద కానిది తీగ మీద ఏమవుతుందని ఆయన వాదన. 1984 నవంబరులో ఆ వాదన మారింది. శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటిన ఏడాది అది. నేను అప్పుడు హైదరాబాదులో ఉద్యోగం వెలగబెడుతున్నాను. రేడియోలో వార్త విని ట్రంకు కాల్ బుక్ చెయ్యడానికి పరుగెత్తాను.

ట్రంకు కాల్ అంటే ఈ తరం వాళ్లకు చెప్పాలి గదా. మీరు నంబరు చెప్పి, డబ్బు కట్టి, కూర్చోవాలి. ఒక ఊరి ఆపరేటరు ఇంకో ఊరి ఆపరేటరును పిలవాలి. ఆమె మరో ఊరిని పిలవాలి. అలా చేతులు మారి మారి తీగ కలవాలి. మామూలు కాల్, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులు. ఫలానా మనిషే కావాలంటే పి.పి. కాల్ అని ఇంకో రుసుము. మూడు నిమిషాలు కాగానే మధ్యలో ఒక గొంతు దూరి, "త్రీ మినిట్స్" అనేది. ఎంత ముఖ్యమైన మాటైనా ఆ గొంతు వినబడగానే మరిచిపోయేవాళ్లం.

ఆ రోజు నాకు ఆ గొంతు వినే భాగ్యం కూడా దక్కలేదు. మా ఊరికి అయిదు మైళ్ల దూరంలో ఒక రైసుమిల్లులో ఫోనుంది. అక్కడికి కలిస్తే ఎవరో ఒకరు సైకిలు మీద వెళ్లి మావాళ్ల సంగతి కనుక్కోకపోతారా అని ఆశ. కాని స్తంభాలు పడిపోయి తీగలు తెగిపోయాయి. "లైను లేదండీ" అన్న మాట ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో. వారం తరువాత నాయన కార్డు వచ్చింది. "అందరం కులాసా. ఇంటి కప్పు లేచిపోయింది. కొబ్బరిచెట్లు పడినవి. దారి లేదు, నువ్వు రావద్దు." నాలుగే ముక్కలు. ఆ వారం నేనెలా గడిపానో తరువాత సెలవు మీద వెళ్లినప్పుడు చెప్పాను. నాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అట్నా? అయితే ఆ ఫోనేందో మనింటికి కూడా పెట్టించాల్రా," అన్నాడు.

పెట్టించడానికి ఏడేళ్లు పట్టింది. అప్పట్లో టెలిఫోనుకు అర్జీ పెట్టడమంటే కొబ్బరిమొక్క నాటడం లాంటిది. కాయ తినేది మనమో, మన కొడుకో చెప్పలేం. 1991లో, నాకు నెల్లూరు బదిలీ అయి, నాయనా అమ్మా మా దగ్గరికి వచ్చేశాక, ఈ ఇంట్లో నల్లటి డయలు ఫోను మోగింది. ఆ సాయంత్రమే నాయన గోడ మీద పెన్సిలు పెట్టాడు.

ఆపరేటరు లేకుండా మనమే నంబరు తిప్పుకునే ఏర్పాటు వెనక ఒక తమాషా కథ చెబుతారు. అమెరికాలో కాన్సస్ సిటీలో స్ట్రౌజరు అని ఒకాయన ఉండేవాడు. ఆయన వృత్తి శవాలకు అంత్యక్రియల ఏర్పాట్లు చూడటం. అదే ఊళ్లో అదే వృత్తిలో ఉన్న పోటీదారు భార్య టెలిఫోను ఆపరేటరట. ఎవరింట్లో ఎవరు పోయినా, ఆ కబురు స్ట్రౌజరుకు రాకుండా తన మొగుడికే కలిపేదట. అందుకని ఆయన మనిషి చెయ్యి పడకుండా తీగలు కలిపే యంత్రం కనిపెట్టాడు. ఆపరేటరమ్మ సంగతి ఎంతవరకు నిజమో గాని, 1891లో ఆయనకు ఆ యంత్రం మీద పేటెంటు వచ్చిన మాట నిజం. చావు కబురు సరైన చెవికి చేరాలన్న తపనలోంచి ఆటోమాటిక్ టెలిఫోను పుట్టిందన్న మాట!

ఒకే ఊళ్లో అయితే ఇది తేలికే. ఊళ్లు దాటి వెళ్లాలంటే యంత్రానికి ఊళ్ల పేర్లు తెలియవు గదా. అది అంకెలు తప్ప చదవలేదు. అందుకని ఊరికో అంకెల పేరు పెట్టారు. అమెరికాలో 1947లో అలాంటి పేర్లు 86 పెట్టారు. న్యూయార్కుకు 212 ఇచ్చారు. డయలు ఫోనులో అంకె ఎంత ఉంటే అన్ని టకటకలు. రెండు, ఒకటి, రెండు: మొత్తం అయిదే టకటకలు. ఎక్కువమంది పిలిచే ఊరికి తక్కువ శ్రమ. ఇంగ్లండులో 1958 డిసెంబరులో ఎలిజబెత్ రాణి బ్రిస్టలులో కూర్చుని తానే నంబరు తిప్పి ఎడింబరోతో మాట్లాడింది. దానికి వాళ్లు పెట్టిన పేరే సబ్‌స్క్రైబర్ ట్రంక్ డయలింగ్, మన ఎస్.టి.డి. మనమూ మరీ వెనకబడలేదు. రెండేళ్లు తిరక్కుండానే, 1960 నవంబరు 26న, లక్నో కాన్పూరుల మధ్య మన దేశంలో మొదటి ఎస్.టి.డి. మొదలైంది. అది మన పల్లెలదాకా రావడానికి పట్టిన కాలం మాత్రం వేరే సంగతి.

మనకూ ఢిల్లీ 011, బొంబాయి 022, కలకత్తా 033, మద్రాసు 044. సున్నాకు పది టకటకలు గనుక ఢిల్లీకి పన్నెండు. మన నెల్లూరు 0861కి పాతిక. కావలికి ముప్ఫై రెండు! మా నాయన ఇవన్నీ లెక్కపెట్టేవాడు. "అమ్మణ్ణి పక్కనే ఉండాది, ఢిల్లీ యాడో ఉండాది. వేలు నొప్పి మాత్రం అమ్మణ్ణికే ఎక్కువ," అనేవాడు.

ఇంతకూ ఆ అంకెల్లో ఉన్న మర్మం ఏమిటి? ముందు సున్నా అంటే "ఊరు దాటుతున్నాను" అని యంత్రానికి చెప్పడం. 8 అంటే దేశంలో మన భాగం. ఆంధ్ర, కర్ణాటక, గోవాలలో చాలామటుకు ఊళ్లు ఈ ఎనిమిది కిందే ఉన్నాయి. 86 దగ్గరికి వస్తే నెల్లూరు, గుంటూరు, కృష్ణల వైపు. 861 అనగానే నెల్లూరు అయిపోయింది. యంత్రం ఇక ఇంటి నంబరు కోసం చూస్తుంది. 863 అయితే గుంటూరు. 866 అయితే బెజవాడ. కాని 862 అన్నారనుకోండి, యంత్రం ఆగుతుంది. ఇంకో అంకె చెప్పమంటుంది. ఆ తరువాత వచ్చేవి ఇవీ: 0 అంటే ఉదయగిరి. 1 రాపూరు. 2 కోవూరు. 3 సూళ్లూరుపేట. 4 గూడూరు. 5 వెంకటగిరి. 6 కావలి. 7 ఆత్మకూరు.

ఈ పేర్లు ఒకసారి పైకి చదవండి. ఎక్కడో విన్నట్టు లేదూ? నెల్లూరు జిల్లా పాత తాలూకాలు! రెవెన్యూ కచేరీలు, జమాబందీలు, తహసీల్దార్ల జీపులు అన్నీ కళ్లముందు కనబడవూ? టెలిఫోను శాఖవారు దేశాన్ని ఛార్జీల కోసం 2,600కు పైగా చిన్న చిన్న ప్రాంతాలుగా కోసినప్పుడు, చాలాచోట్ల తాలూకా గీతల వెంటే కత్తి పెట్టారు. తాలూకాకొక కోడు. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. నెల్లూరు జిల్లాకు 46 మండలాలు వచ్చాయి. తాలూకా అన్న మాట బోర్డుల మీంచి పోయింది, సర్టిఫికెట్ల మీంచి పోయింది. టెలిఫోను తీగలో మాత్రం మిగిలిపోయింది. మా నాయన చివరిదాకా ఎవరైనా ఊరు చెబితే "ఏ తాలూకా?" అనే అడిగేవాడు. ఆయనా, టెలిఫోను యంత్రమూ మాత్రమే మాట మీద నిలబడ్డవాళ్లు.

ఆ మాటకొస్తే రాష్ట్రాల గీతలు, జిల్లాల గీతలు కూడా ఈ కోడులు పట్టించుకోలేదు. నిజామాబాదు 08462. దాని తరువాత గుల్బర్గా 08472, బీదరు 08482. ఇటు మహబూబ్‌నగర్ 08542కు ముందు మెట్టు రాయచూరు 08532. గుల్బర్గా, బీదరు, రాయచూరు 1956దాకా హైదరాబాదు రాష్ట్రంలోవే. రాష్ట్రం విడిపోయి కర్ణాటకకు వెళ్లినా, టెలిఫోను వరసలో పాత పొరుగువాళ్ల పక్కనే కూర్చున్నాయి. యానాం పాలన పుదుచ్చేరిది. కోడు మాత్రం కాకినాడ వారి 0884. 2014లో తెలంగాణ ఏర్పడ్డప్పుడూ హైదరాబాదుకు 040 ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇక మా కందుకూరు సంగతి వినండి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు నెల్లూరు నుంచి వెళ్లిపోయింది. ఒంగోలు 08592 అయితే కందుకూరు 08598. చక్కగా ఆ కుటుంబంలో కలిసింది. 2022లో జిల్లాలు పునర్విభజించినప్పుడు కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. అంకెలు మాత్రం ఒంగోలువే. ఆ విభజనలోనే గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి కొత్త తిరుపతి జిల్లాకు వెళ్లాయి. వాటి కోడులు 0862తోనే, అంటే నెల్లూరు ఇంటిపేరుతోనే ఉండిపోయాయి. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరితే ప్రపంచమంతా చూస్తుంది. అక్కడి ఆఫీసుకు ల్యాండ్‌లైను కలపాలంటే మాత్రం సూళ్లూరుపేట తాలూకా 08623 తలుపు తట్టి లోపలికి పోవలసిందే. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటి ముద్దుపేరు పోనట్టు!

సరే, గోడ మీది కొట్టివేతల సంగతికి వద్దాం. అడ్డగీతలు చూసి మా నాయన తప్పు రాశాడనుకునేరు. ఊళ్లే మారాయి.

లెక్క ఇదీ. కోడులో ముందున్న సున్నా వదిలేయండి. మిగిలిన అంకెలూ, ఇంటి నంబరు అంకెలూ కలిపి అప్పట్లో తొమ్మిది దాటకూడదు. కావలి 8626, నాలుగంకెలు. ఇక ఇళ్లకు మిగిలింది అయిదంకెలు. మొదటి అంకె సున్నా గాని ఒకటి గాని కాకూడదు గనుక 80,000 నంబర్లకు మించి రావు. ఊరు చిన్నదైతే చాలు. పెరిగితే? కోడు కురచ చెయ్యాలి. ఇంటి నంబరు పొడుగు చెయ్యాలి. తిరుపతికి 8574 తీసేసి 877 ఇచ్చింది అందుకే. వరంగల్లు 08712 కాస్తా 0870 అయింది అందుకే. హైదరాబాదుకు 842తో ఆరంకెలే దక్కేవి. ఎనిమిది లక్షల నంబర్లు. తొంభైల్లో 40 చేసేసరికి ఏడంకెలు దక్కాయి, ఎనభై లక్షలు. బెంగుళూరు 0812 పోయి 080 వచ్చిందీ ఇందుకే. లోకంలో పెద్దవాళ్లయ్యేకొద్దీ బిరుదులు పొడుగవుతాయి. టెలిఫోను లోకంలో ఊరు పెద్దదయ్యేకొద్దీ పేరు పొట్టిదవుతుంది.

తరువాత 2003 నాటి జాతీయ నంబరింగు ప్రణాళిక వచ్చింది. కొత్త కంపెనీలు, కొత్త నంబర్లు వచ్చేస్తున్నాయి గనుక, ఆ రోజుల్లోనే ప్రభుత్వ ల్యాండ్‌లైన్ల ముందు 2 చేర్చారు. తొమ్మిది పదయింది. హైదరాబాదు రెండూ ఎనిమిదీ పది. నెల్లూరు మూడూ ఏడూ పది. కావలి నాలుగూ ఆరూ పది. ఎవరి వాటా ఎలా ఉన్నా మొత్తం పదే. నాయన ఒక మధ్యాహ్నమంతా స్టూలు మీద కూర్చుని, ఎర్ర సిరాతో గోడ మీది నంబర్లన్నిటికీ 2 తగిలించాడు. మధ్యలో కొన్నాళ్లు రాష్ట్రంలోపలి ఊళ్లకు సున్నా బదులు 95 తిప్పమన్నారు. దాన్ని మాత్రం ఆయన రాయలేదు. "ఇది నిలిచేది గాదులేరా," అన్నాడు. నిలవలేదు.

కోడులు ఎక్కువమందికి కంఠతా వచ్చింది ఇళ్లలో ఫోన్ల వల్ల కాదు, ఎస్.టి.డి. బూతుల వల్ల. గాజు తలుపు, లోపల చిన్న ఫాను, నెత్తిన ఎర్ర అంకెలు పరుగెత్తే మీటరు. మా కోస్తాలో రొయ్యల గుంటల జోరు సాగిన రోజుల్లో మద్రాసులో టైగరు రొయ్య ధర ఎంత పలుకుతోందో కనుక్కోవడానికి పల్లెల నుంచి మోపెడ్ల మీద వచ్చి బూతు ముందు వరస కట్టేవారు. వాళ్లలో సంతకం రానివాళ్లు కూడా 044 అనేది గడగడా తిప్పేవారు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు. నెల్లూరులో సెకండ్ షో వదిలిపెట్టకముందే బూతుల దగ్గర ఇంకో ఆట మొదలయ్యేది. గల్ఫులో కొడుకులు, హాస్టళ్లలో కూతుళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, అందరికీ మాటలు ఆ వేళే గుర్తుకొచ్చేవి.

ఆ పావు రేటు మా ఇంట్లో ఒక అలవాటు పెట్టింది. రాత్రి పదకొండుంబావుకు ఫోను మోగితే అందరికీ సంతోషం. కావలి నుంచి అక్క, పనిలేని కబుర్లు. పట్టపగలు, ఫుల్ రేటులో, ఆగకుండా పొడుగ్గా ట్రింగుమంటే మాత్రం అమ్మ చేతిలో గరిట జారేది. ఖర్చుకు వెరవకుండా ఆ వేళ చేశారంటే కబురు మంచిది కాదు. ఫోను ఎత్తకముందే మాకు సగం సంగతి తెలిసిపోయేది.

2005లో ఒక పగటిపూట అలాంటి కబురు చెప్పే వంతు నాకొచ్చింది. నాయన పోయాడు. ఎవరికి ముందు చెయ్యాలో, ఎలా చెప్పాలో చేతులాడలేదు. గోడ వైపు చూశాను. ఆయన రాసిన వరసలోనే చేశాను. కావలి, సూళ్లూరుపేట, బెజవాడ, తిరుపతి, హైదరాబాదు, మద్రాసు. ఆయన చావు కబురు ఆయన చేతిరాత చూసుకుంటూనే ఊరూరికీ పంపాను. ప్రతిచోటా ఒకటి రెండు మోతలకే ఎత్తారు. పగటిపూట ఫోను గదా. నేను నోరు తెరవకముందే అక్క అటునుంచి, "నాయనేనా?" అంది.

మరుసటేడు, 2006 మార్చి 1న, దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్న పథకం వచ్చింది. కావలి ఎంతో కలకత్తా అంతే. దూరానికి విలువ పోయాక, దూరం కొలిచే కోడుకేం పని? ఆపైన సెల్లులు వచ్చి, పదంకెల్లో ఊరి జాడ లేకుండా పోయింది. బూతులు ఒక్కొక్కటే జెరాక్సు షాపులై, సెల్లు రీచార్జి బడ్డీలైపోయాయి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి సెల్లుకు చెయ్యాలంటే ముందు సున్నా కొట్టాలన్నారు. సెల్లు నంబర్లకు చోటు చాలడం లేదట. 2025 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంకో సిఫార్సు చేసింది. ల్యాండ్‌లైన్లకు తాలూకా మేర లెక్క మాని, ఇంచుమించు రాష్ట్రమంత మేరను ఒకే ప్రాంతంగా చూడాలనీ, ఒకే ఊళ్లో ఇంటి నుంచి ఇంటికి చేసినా సున్నాతో సహా కోడు కొట్టాలనీ దాని సారాంశం. ఇప్పుడున్న నంబర్లు మాత్రం మారవట. అంటే కోడు అందరి వేళ్ల మీదికీ వస్తుంది, కాని అది ఏ ఊరిదో చెప్పే పని దానికి ఉండదు.

సౌకర్యం కాదని ఎవరంటారు? 1984లో నా చేతిలో సెల్లుంటే, ఆ వారం రోజుల నరకం ఉండేది కాదు. అయితే తుపానుకు స్తంభాలే కాదు, సెల్లు టవర్లూ మూగబోతాయని మా కోస్తావాళ్లకు తెలుసు. నా బాధ అదికాదు. ఇప్పుడు నా సెల్లులో మూడువందల పేర్లున్నాయి. ఎవరు ఎక్కడున్నారో ఒక్కదానిలోనూ లేదు. మనవడు ఫోను చేస్తే మొదటి మాట "ఎక్కడున్నావురా?" అనే. మా నాయనకు ఆ ప్రశ్న అడిగే అవసరం రాలేదు. గోడ మీద చెయ్యి పెడితే తన సంతానం ఏ తాలూకాలో నిద్రపోతోందో ఆయనకు తెలిసేది.

రంగులు అయిపోయాయి. హాలంతా మా ఆవిడ కోరిన లేత పసుపు. స్టాండు వెనక జానెడు మేర మాత్రం పాత సున్నం, మూడు రంగుల అంకెలు. చుట్టాలు చూస్తే ఏమనుకుంటారని ఆవిడ రెండు రోజులు సణిగింది. మూడోనాడు కొత్త సంవత్సరం తెలుగు క్యాలెండరు తెచ్చి తానే దాని మీద తగిలించింది.

ఇప్పుడు తిథి చూసుకోవాలని వంక పెట్టి, రోజుకొకసారి క్యాలెండరు ఎత్తి చూస్తున్నాను. మొన్న ఆవిడ కూడా ఎత్తి చూస్తుండగా పట్టుకున్నాను. "కావలి కోడు ఎంతో మరిచిపోయాలెండి," అంది.